ఐదు బళ్ళ సమీకరణం

నూతులపాడు మండలంలో ఐదు ప్రాథమిక పాఠశాలలు ఉన్నాయి. నగరం పాకుతూ పాకుతూ వచ్చి ఆ మండలాన్ని సగం మింగింది. మిగతా సగంలో ప్లాట్ల కోసం రాళ్ళు పాతింది. దాంతో ఐదు బళ్ళూ ఐదు రకాలుగా తయారయ్యాయి. అపార్టుమెంట్ల పక్కనున్న కాలనీ బడికి నున్నటి బల్లలు, రంగుల గోడలు. బైపాస్ రోడ్డుకు అవతలున్న ఇటుకబట్టీల బడికి రేకుల కప్పు, వానాకాలంలో దానికి తోడు నాలుగు బకెట్లు. పాత ఊరి బడికి పెద్ద వేపచెట్టు. రైలు గేటు బడికి రైళ్ళు. సంతపేట బడికి మధ్యాహ్న భోజనం వండే సీతారావమ్మ. ఏ పిల్లలకు ఏది దగ్గరైతే వాళ్ళు ఆ బడికి పోయేవారు. వీటిలో ఏది గొప్పదని అంతవరకూ ఎవరూ అడిగిన పాపాన పోలేదు.

ఆ పాపం చివరకు జిల్లా కార్యాలయం మూటగట్టుకుంది. జూన్ నెలలో ఒక సర్క్యులర్ వచ్చింది. 'మండల పరిధిలోని ప్రాథమిక పాఠశాలలను పరస్పరం పోల్చి, ఒకటి మొదలు ఐదు వరకు స్థానములు కేటాయించి, సదరు స్థానములను తల్లిదండ్రుల సౌకర్యార్థము ప్రవేశద్వారములపై పెద్ద అక్షరములతో రాయించవలెను' అన్నది దాని సారాంశం.

దాని మీద చర్చించడానికి మండల విద్యాధికారి సాంబమూర్తి సమావేశం పెట్టారు. జిల్లా నుంచి ప్రత్యేక పర్యవేక్షణాధికారి వైకుంఠరావు స్వయంగా వచ్చారు. ఐదుగురు హెడ్మాస్టర్లూ ముందు వరసలో కూర్చున్నారు. వెనక వరసలో, విద్యాధికారి కార్యాలయంలోనే పట్టికలు తయారుచేసే ఉపాధ్యాయుడు పరాంకుశం కూర్చున్నాడు.

పరాంకుశానికి యాభై మూడేళ్ళు. మండలంలో ఆయన్ను 'లెక్కల పరాంకుశం' అంటారు. ఆ పేరు ఎవరు పెట్టారో తెలియదు గానీ, పదిమందికీ పాకించింది మాత్రం ఆయనే. గళ్ళు గీస్తే లోకమంతా వచ్చి ఆ గళ్ళలో బుద్ధిగా కూర్చుంటుందని ఆయన నమ్మకం. ఇంట్లో పాలు, పేపరు, అత్తగారి రాకపోకలు అన్నిటికీ పట్టికలు ఉన్నాయి.

సమావేశం సగమయ్యేసరికి కాలనీ బడి హెడ్మాస్టరు రెండుసార్లు మాట్లాడాడు. పరాంకుశం ఒక్కసారీ మాట్లాడలేదు. అదే ఆయన్ను లేచి నిలబడేలా చేసింది. తరవాతి రోజుల్లో దీన్ని తలుచుకున్నప్పుడల్లా, తను న్యాయం కోసం లేచానని నమ్మడానికి ఆయన చాలా ప్రయత్నించాడు. కుదరలేదు.

"క్షమించాలి సర్. తక్కెడలో ఒకవైపు కుంకుడుకాయలు, ఒకవైపు కొబ్బరికాయలు వేసి ఏది గొప్పదంటే ఎట్టా? ఒక బడిలో అరవై ఒక్కమంది పిల్లలున్నారు, ఇంకోదాన్లో ఇరవై తొమ్మిది మంది. ఒకదానికి చెట్టుంది, ఇంకోదానికి లేదు. పోల్చాలంటే ముందు అన్నీ సమానంగా ఉండాలి కదండీ!"

వైకుంఠరావు కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకున్నారు.

"అద్భుతం," అన్నారాయన. "పోలికకు పూర్వం సమీకరణం! ఇది మౌలికమైన ఆలోచన. ఇంతటి మేధస్సు మండల స్థాయిలో నిద్రాణంగా పడి ఉండటం వ్యవస్థాగత లోపం. సాంబమూర్తి గారూ, వీరిని తక్షణం సమీకరణాధికారిగా నియమించండి. ముందు అన్ని బళ్ళనూ సమానం చేయండి. ఆ తరవాత ఏది గొప్పదో తేల్చండి."

పరాంకుశం చెప్పదలచుకున్నది, కాబట్టి పోల్చడం కుదరదని. కానీ ఆ మాట అనడానికి నోరు తెరిచేసరికి అందరూ చప్పట్లు కొడుతున్నారు. చప్పట్లు కొడుతుంటే మాట్లాడటం మర్యాద కాదని ఆయన నోరు మూసుకున్నాడు.

ఇంటికి వెళ్ళి సంగతి చెబితే ఆయన భార్య సుభద్ర గరిటె పట్టుకునే ఇటు తిరిగింది.

"ఐదు బళ్ళని సమానం చేస్తారా? ఒక మామిడిపండుని ఇద్దరు పిల్లలకి సమానంగా కోసి ఇమ్మంటే టెంక ఎవరికని గంటసేపు గొడవ పెట్టిన మనిషి మీరు."

"టెంక విషయంలో సూత్రం అట్టాంటిది," అన్నాడు పరాంకుశం.

మొదటి పని పిల్లల లెక్క. ఐదు బళ్ళలో కలిపి రెండు వందల ముప్పై ఐదు మంది. ఐదుతో భాగిస్తే సరిగ్గా నలభై ఏడు. శేషం సున్నా! ఆ సున్నాను చూసి పరాంకుశం పొంగిపోయాడు. దైవం తన పక్షానే ఉందని, లేకపోతే ఒక్క పిల్లవాడైనా మిగిలిపోయేవాడని సాంబమూర్తితో అన్నాడు. వారం తిరిగేసరికి ఎక్కువున్న బళ్ళ నుంచి ఇరవై ఏడు మంది పిల్లలు తక్కువున్న బళ్ళకు మారారు. ఇటుకబట్టీల పిల్లలు పద్నాలుగు మంది రోజూ ఆటోలో కిక్కిరిసి బైపాస్ దాటి రైలు గేటు బడికి పోతున్నారు. సంతపేటలో కవలలైన ఇద్దరు ఆడపిల్లల్లో ఒకరిని ఉంచి ఇంకొకరిని పంపాల్సి వచ్చింది. వాళ్ళమ్మ ఏడుస్తూ ఆఫీసుకొస్తే, పోలిక అనే ప్రక్రియకు కవలలు ఎంత విలువైనవారో పరాంకుశం ఆమెకు పావుగంట వివరించాడు. ఆమె ఏడుపు ఆపింది. నచ్చజెప్పగలిగానని ఆయన అనుకున్నాడు. ఆమె నిజానికి భయపడింది.

రెండోది నీడ. పాత ఊరి వేపచెట్టును ఐదు ముక్కలు చేయడం కుదరదు. మిగతా నాలుగు చోట్లా చెట్లు పెంచుదామంటే ఇరవై ఏళ్ళు పడుతుంది. నివేదిక డిసెంబరులో ఇవ్వాలి. అంచేత 'మండల సగటు నీడ' లెక్కగట్టి, పాత ఊరి పిల్లలు చెట్టు కింద రోజుకు పన్నెండు నిమిషాలకు మించి కూర్చోరాదని ఉత్తర్వు వేశారు. నిమిషాలు చూడటానికి ఒక ఉపాధ్యాయుణ్ణి నియమించారు. ఆయన పాఠం చెప్పడం మానేశాడు. ఒక ఉపాధ్యాయుడు తగ్గాడు కాబట్టి మిగతా బళ్ళలోనూ తలా ఒక ఉపాధ్యాయుణ్ణి పాఠం మాన్పించారు.

మూడోది భోజనం. పరాంకుశం ఫైలు చంకన పెట్టుకుని సంతపేట బడి వంటగదికి వెళ్ళాడు. సీతారావమ్మ పొయ్యి ముందు కూర్చుని పోపు పెడుతోంది.

"సీతారావమ్మ గారూ, మీ సాంబారు మండల సగటు కంటే ఎక్కువగా ఉందండీ."

"ఎక్కువేం లేదు బాబూ, గరిటె కొలత పెట్టుకునే పోస్తన్నా."

"కొలత సంగతి కాదమ్మా, రుచి సంగతి. ఇక్కడ పిల్లలు మూడోసారి అడిగి పోయించుకుంటున్నారు. గేటు బడిలో మొదటిసారే వదిలేస్తున్నారు. దీనివల్ల ఇక్కడ హాజరు పెరిగిపోతోంది. పోలికకు అది అడ్డం."

"అయితే ఆ గేటు బడి వంటావిణ్ణి నా దగ్గరికి పంపండి. రెండు రోజుల్లో నేర్పుతా."

ఈ ఉపాయం పరాంకుశానికి అంతవరకూ తట్టలేదు. తట్టినా లాభం లేదు. పెంచాలంటే నిధులు కావాలి, శిక్షణ కావాలి, అనుమతులు కావాలి. తగ్గించడానికి ఉత్తర్వు ఒక్కటి చాలు.

"తగ్గించడమే వీలవుద్దమ్మా," అన్నాడు.

సీతారావమ్మ పోపు దించి ఆయన వైపు తిరిగింది. "ఉప్పు తగ్గించమంటే తగ్గిస్తా. పప్పు తగ్గించమంటే తగ్గిస్తా. చెయ్యి తగ్గించమంటే ఎట్టా బాబూ?"

ఆయన పట్టికలో 'చెయ్యి' అని ఒక గడి గీసి ఖాళీగా వదిలేశాడు. సోమ, బుధ, శుక్రవారాల్లో సంతపేట సాంబారులో ఇంగువ వేయరాదని మర్నాడు ఉత్తర్వు వెళ్ళింది.

ఇంత చేశాక చదువు పరీక్ష పెట్టారు. పిల్లల సంఖ్య ఒకటే, నీడ ఒకటే, సాంబారు దాదాపు ఒకటే. ఫలితం మాత్రం ఒకటి కాలేదు. రేకుల కప్పు కింద చదివే ఇటుకబట్టీల పిల్లలు అందరికంటే చాలా ముందున్నారు. కారణం వెతకడానికి పరాంకుశం బైపాస్ దాటి వెళ్ళాడు.

ఆ బడి హెడ్మిస్ట్రెస్ మేరీ రత్నకుమారి. పదహారేళ్ళుగా అక్కడే ఉంది. బదిలీ వచ్చినప్పుడల్లా బట్టీల్లో పనిచేసే వాళ్ళంతా వెళ్ళి ఆపించుకుంటూ వచ్చారు. ఆవిడ ఐదో తరగతి నుంచి ఒక పిల్లను పిలిచింది. పేరు పైడితల్లి. వాళ్ళ నాన్న ఎర్రయ్య శ్రీకాకుళం వైపు నుంచి బట్టీ పనికి వచ్చి ఇక్కడే స్థిరపడ్డాడు. పరాంకుశం వాచకం ఇస్తే ఆ పిల్ల గడగడా చదివేసింది. ఇంకేమైనా ఉందా అన్నట్టు చూసింది. ఆయన జేబులోంచి సర్క్యులర్ తీసి ఇచ్చాడు. దాన్నీ తడుముకోకుండా చదివింది.

"సదరు అంటే ఏటి సారూ?"

"పైన చెప్పిన అని అర్థం."

"పైన సెప్పీసినారు కదా, మల్లీ సెప్పడమేటి?"

ముప్పై ఏళ్ళుగా సర్క్యులర్లు చదువుతున్న పరాంకుశానికి ఈ అనుమానం ఎప్పుడూ రాలేదు. ఆయన వెళ్ళి సాంబమూర్తికి నివేదించాడు: మండలంలో ఇంత చురుకైన విద్యార్థిని ఒక్కతే ఉంది, అదీ ఒకే బడిలో ఉంది.

"అది అసమానత," అన్నారు సాంబమూర్తి. "ప్రతి పాఠశాలకూ ఒక చురుకైన విద్యార్థిని ఉండాలి."

"ఉన్నది ఒక్కతే కదండీ."

"అయితే పంచండి."

పంచారు. సోమవారం గేటు బడి, మంగళవారం సంతపేట, బుధవారం పాత ఊరు, గురువారం కాలనీ, శుక్ర శనివారాలు ఇటుకబట్టీలు. ఏ రోజు ఏ బడిలో ఉంటే ఆ బడి రిజిస్టరులో పేరుండాలి కాబట్టి, పైడితల్లి పేరు మిగతా నాలుగు రిజిస్టర్లలోనూ ఎక్కింది. అక్కడ నలభై ఎనిమిది అయ్యారు. సొంత బడిలో మాత్రం నలభై ఏడే. ఆ ఒక్కటీ పరాంకుశాన్ని రెండు రోజులు అన్నం తిననివ్వలేదు. మూడో రోజు పరిష్కారం దొరికింది. సొంత బడికి ఆ పిల్ల వారానికి రెండు రోజులు వెళుతుంది కాబట్టి అక్కడ ఆమె పేరు రెండుసార్లు రాశాడు: శుక్రవారం పైడితల్లి, శనివారం పైడితల్లి. ఐదు బళ్ళు, బడికి నలభై ఎనిమిది మంది, మొత్తం రెండు వందల నలభై. శేషం మళ్ళీ సున్నా!

అయినా ఇటుకబట్టీల బడి ముందే ఉంది. అసలు కారణం రత్నకుమారి అని అప్పటికి తేలింది. 'సదరు ప్రధానోపాధ్యాయిని మండల సగటును మించి బోధించరాదు' అని ఉత్తర్వు తయారైంది. దాన్ని ఇవ్వడానికి పరాంకుశమే వెళ్ళాడు. రత్నకుమారి రెండుసార్లు చదివి మడిచింది.

"నాకు అభ్యంతరం లేదు మాస్టారూ. కానీ సగటు అంటే ఎంతో నాకు తెలవదు. మీరొకసారి చెప్పి చూపిస్తే దాన్ని బట్టి తగ్గించుకుంటా."

అందులో వెటకారమేమైనా ఉందా అని ఆయన ఆవిడ ముఖంలోకి చూశాడు. ఏమీ కనిపించలేదు. నిజానికి ఆయనకు లోపల్లోపల సంతోషంగానే ఉంది. తరగతి గదిలో నిలబడి తొమ్మిదేళ్ళయింది. సగటు కంటే తను ఎంత పైన ఉంటాడో ఈ పిల్లలకు ఒకసారి రుచి చూపించి, ఆ తరవాత కిందికి దిగవచ్చనుకున్నాడు. సాంబమూర్తీ, ఇద్దరు పరిశీలకులూ వెనక బల్ల మీద కాగితాలు పట్టుకుని కూర్చున్నారు. పరాంకుశం భిన్నాలు మొదలుపెట్టాడు. రొట్టె బొమ్మ గీశాడు. నాలుగు ముక్కలు చేశాడు. పది నిమిషాలకు ముందు వరస కిటికీలోంచి లారీల్ని లెక్కపెడుతోంది. వెనక వరసలో ఒకడు ఆవులించాడు. అది అంటురోగంలా ముందుకు పాకింది. చివర్లో అర్థమైందా అని అడిగితే పిల్లలంతా "అయ్యిందీ..." అని రాగం తీశారు. ఏ బడిలోనైనా అర్థం కానప్పుడు తీసే రాగం అదే.

పరిశీలకులు లెక్కలు వేశారు. పరాంకుశం బోధన నూటికి యాభై. మండల సగటు యాభై. దశాంశం కూడా తేడా లేదు.

"అద్భుతం!" అన్నారు సాంబమూర్తి. "మనకు కావలసిన కొలబద్ద మన దగ్గరే ఉంది. వీరిని ప్రామాణిక సగటు ఉపాధ్యాయుడిగా ప్రకటిస్తున్నాను."

ఆ బిరుదుతో పాటు ఒక శాలువా కూడా కప్పారు. దాన్ని చూసి సుభద్ర, "సగటుకి కూడా శాలువాలిస్తారటండీ?" అని అడిగింది. అందరికీ ఇవ్వరని, మండలం మొత్తానికి తనకు ఒక్కడికే ఇచ్చారని ఆయన చెప్పాడు. చెప్పాక ఆ వాక్యాన్ని మనసులో ఇంకోసారి అనుకుని, శాలువా మడిచి బీరువాలో అడుగున పెట్టాడు.

రత్నకుమారి సగటుగా పాఠం చెప్పడానికి వారం రోజులు నిజాయితీగా ప్రయత్నించింది. పిల్లలు వచ్చి "టీచరూ, వంట్లో బాలేదా?" అని అడిగారు. ఆవిడ వల్ల కాలేదు. ఇక మిగిలింది ఒక్కటే దారి. ప్రశ్నాపత్రాలను సమీకరించారు. ఇటుకబట్టీల పిల్లలకు పదో తరగతి ప్రశ్నలు ఇచ్చారు. కాలనీ పిల్లలకు వాళ్ళ తరగతివే ఇచ్చారు. గేటు బడి పిల్లల్ని తమ పేరు, తమ తండ్రి పేరు రాయమన్నారు. తండ్రి పేరు ఐచ్ఛికం. ఫలితాలు వచ్చాయి. ఐదు బళ్ళకూ యాభై నాలుగు మార్కుల సగటు. పరాంకుశం ఆ పట్టికను గోడకు అంటించి దూరంగా నిలబడి చూశాడు. ఐదు గళ్ళలో ఒకే అంకె. దానంత అందమైనది ఆయన జీవితంలో చూడలేదు. పెళ్ళిచూపుల సంగతి గుర్తొచ్చి, ఈ అభిప్రాయాన్ని ఇంట్లో చెప్పకూడదని నిర్ణయించుకున్నాడు.

డిసెంబరులో కాలనీ బడి ఆవరణలో షామియానా వేసి సభ పెట్టారు. వైకుంఠరావు వచ్చి పట్టిక చూశారు.

"ప్రథమ స్థానం ఎవరిది?"

"అందరిదీ అండీ," అన్నారు సాంబమూర్తి.

"చివరి స్థానం?"

"అదీ అందరిదేనండీ."

వైకుంఠరావు ముఖం చిట్లించారు. పోల్చమంటే పోలిక లేకుండా చేశారేమిటన్నారు. అప్పుడు కాలనీ బడి హెడ్మాస్టరు, ఐదు బళ్ళలోనూ చదివిన విద్యార్థిని ఒకతె ఉందని, ఆమెను అడిగితే తేలిపోతుందని అన్నాడు. ఏయే బడిలో ఏముందో స్వయంగా చూసినది మండలం మొత్తానికి ఆ పిల్ల ఒక్కతేనని పరాంకుశానికి అప్పుడు తట్టింది. తను గీసిన నూట పన్నెండు పట్టికల్లో ఎక్కడా ఆ పిల్లను అడిగిన గడి లేదు.

పైడితల్లిని వేదిక మీదికి పిలిచారు. మైకు ఆమె ఎత్తుకు వంచారు.

"గేటు బడికాడ రైలు బాగుంటాది సారూ. సంతపేటలో సాంబారు బాగుంటాది, మంగళారం. పాత ఊర్లో సెట్టుకింద సల్లగుంటాది గానీ, కూకున్నామో లేదో లేపీస్తారు. ఇక్కడ బల్లలు నున్నగున్నాయి, ముట్టుకోనివ్వరు. మా బడిలో టీచరమ్మ బాగుంటాది."

"అయితే ఏది గొప్ప బడి, తల్లీ?"

పిల్ల ఆలోచించింది. "అదే తెల్డం లేదు సారూ. ఆ టీచరమ్మా, ఆ సాంబారూ, ఆ సెట్టూ అన్నీ ఒక్కకాడెట్టలేరా?"

జనం నవ్వారు. వైకుంఠరావు నవ్వలేదు. ఆయన కళ్ళజోడు తీశారు. ఆయన కళ్ళజోడు తీస్తే ఏం జరుగుతుందో పరాంకుశానికి తెలుసు.

"ఒక్కచోట!" అన్నారు వైకుంఠరావు. "బాలవాక్కు బ్రహ్మవాక్కు. ఐదు పాఠశాలలూ అక్షరాలా సమానమని సమీకరణాధికారి శాస్త్రీయంగా నిరూపించారు. ఐదూ ఒకటే అయినప్పుడు ఐదు ఎందుకు? నాలుగు పునరుక్తులు! ఈ సంవత్సరాంతానికి నాలుగింటినీ మూసివేసి, రెండు వందల నలభై మందినీ ఇదే కాలనీ పాఠశాలలో విలీనం చేయవలసిందిగా సిఫారసు చేస్తున్నాను. ఈ ఖ్యాతి పరాంకుశం గారిది."

మళ్ళీ చప్పట్లు. మళ్ళీ పరాంకుశం నోరు తెరిచాడు, మళ్ళీ మర్యాద అడ్డొచ్చింది.

సభ అయ్యాక షామియానా పక్కన ఎర్రయ్య ఆయన కోసం నిలబడి ఉన్నాడు. తువ్వాలు చేతుల్లో నలుపుతున్నాడు.

"అయ్యా, మా గుంటలు రోజూ ఈ రోడ్డు దాటాలంటండి. ఆటో మాకేటి కుదురుద్దండి? లారీలు ఆగవు. మొన్ననే కుక్కని గుద్దీసి ఎల్లిపోనాది. నాను పిల్లని బడి మాన్పించీగలను గానీ, రోడ్డు మీదకి ఒగ్గీలేనండి."

పరాంకుశం రత్నకుమారి వైపు చూశాడు. ఆవిడ తిడుతుందనుకున్నాడు. తిట్టినా బాగుండేది.

"మాస్టారూ," అంది ఆవిడ, "ఎక్కువ తక్కువలున్నన్నాళ్ళూ మా బడి బతికింది. సమానమయ్యాకే చచ్చింది. మీరు లెక్కల్లో తప్పు చెయ్యరని అందరూ అంటారు. ఈసారి చేస్తే బాగుండేది."

ఆ మాట ఆయన్ను ఇంటిదాకా వెంటాడింది. సంగతి చెబితే సుభద్ర, "మీకు లెక్కలొచ్చని లోకానికి తెలియడం ముఖ్యమా, ఆ పిల్లలు రోడ్డు దాటకపోవడం ముఖ్యమా?" అని అడిగింది. రెండూ ముఖ్యమేనని ఆయన అనబోయాడు. ఆవిడ చూసిన చూపుకు అనలేదు.

మర్నాడు పది గంటలకు పరాంకుశం జిల్లా కార్యాలయంలో వైకుంఠరావు ముందు నిలబడ్డాడు. సంగతేమిటో తెలియక సాంబమూర్తి కూడా పరుగున వచ్చారు.

"లెక్క తప్పింది సర్. పిల్లలు రెండు వందల నలభై కాదు, రెండు వందల ముప్పై ఐదే. ఒక పిల్లని ఆరుసార్లు కలిపాను."

"ఐదే కదా తేడా," అన్నారు వైకుంఠరావు. "ఆ పిల్లను ఒక్కసారే లెక్కించినా బడికి నలభై ఏడు. అప్పుడూ సమానమే. సవరణ పత్రం ఇచ్చి వెళ్ళండి."

తన లెక్క ఇంత గట్టిగా ఉంటుందని పరాంకుశమే అనుకోలేదు. ఏ దిక్కు నుంచి తోసినా పడటం లేదు. ప్రశ్నాపత్రాల సంగతి చెప్పాడు. సమీకరణం అంటే అదే కదా అన్నారు వైకుంఠరావు. ఇక లెక్కను వదిలి, లెక్క వేసినవాణ్ణి పడగొట్టడమే మిగిలింది.

"అసలు నాకు కూడిక రాదండీ," అన్నాడు పరాంకుశం.

"ఏమన్నారు?"

"కూడిక రాదండీ. చిన్నప్పట్నించీ రాదు. అందాజుగా వేసుకుంటూ వస్తున్నా."

వైకుంఠరావు నమ్మలేదు. "ఏడూ ఎనిమిదీ కలిపితే ఎంత?"

పరాంకుశం ముప్పై ఏళ్ళ సర్వీసులో ఎన్నో అబద్ధాలు రాశాడు. అవన్నీ పట్టికల్లో, మర్యాదగా. ఇంత చిన్న అబద్ధం ఇంత పెద్దగా గొంతుకు అడ్డం పడుతుందని ఆయనకు తెలియదు. పదిహేను అన్న మాట నాలుక చివరికి వచ్చి, బయటికి రావడానికి తన్నుకుంటోంది. దాన్ని బలవంతంగా మింగాడు.

"పద్నాలుగండీ."

సాంబమూర్తి నిర్ఘాంతపోయారు. "పరాంకుశం! ఏమయ్యా! మళ్ళీ చూసుకో. ఏడూ ఎనిమిదీ!"

పరాంకుశం వేళ్ళు మడిచి శ్రద్ధగా లెక్కపెట్టాడు. "పదమూడండీ," అన్నాడు.

వైకుంఠరావు కళ్ళజోడు తీయలేదు, తీయడం మరిచిపోయారు. ఆయన ముఖంలో కోపం లేదు. భయం ఉంది. కూడిక రాని మనిషిని సమీకరణాధికారిగా నియమించినది ఎవరు? మేధస్సు అని వేదిక మీద పొగిడినది ఎవరు? అతని పట్టికల మీద సంతకం పెట్టి నాలుగు బళ్ళు మూయమన్నది ఎవరు? ఆ మూడు ప్రశ్నలకూ జవాబు ఒకటే. ఆ లెక్కలో శేషం లేదు.

"సాంబమూర్తి గారూ," అన్నారాయన చాలా మెల్లగా, "ఈ ఫైలు ఎప్పుడు ప్రారంభమైంది?"

"జూన్‌లోనండీ."

"కాదు. ప్రారంభం కాలేదు. ప్రారంభం కాని ప్రక్రియకు ఫలితాలు ఉండవు. పిల్లలందరూ యథాస్థానములకు చేరవలెను. ఇంగువ, నీడ, బోధన తదితర అంశములపై యథాస్థితి కొనసాగవలెను. ఇక వీరిని..." అని పరాంకుశం వైపు చూసి, తరవాతి మాట కోసం వెతుక్కున్నారు. "వీరిని ఎవరూ లెక్క అడగని చోటికి పంపండి."

జనవరి మొదటి వారంలో పిల్లలు ఎవరి బడికి వాళ్ళు పోయారు. కవలలు మళ్ళీ ఒకే బల్ల మీద కూర్చున్నారు. పది నిమిషాల్లో కొట్టుకున్నారు. పాత ఊరి పిల్లలు చెట్టు కిందే ఉండిపోయారు. సంతపేటలో సాంబారు వాసన సోమవారం కూడా రోడ్డు దాకా వచ్చింది. పరాంకుశం సర్వీసు రిజిస్టరులో ఎర్ర సిరాతో 'కూడిక రాదు' అని రాసి, ఒక ఇంక్రిమెంటు ఆపి, ఇటుకబట్టీల బడికి సహాయోపాధ్యాయుడిగా పంపారు. రత్నకుమారి ఆయనకు ఒకటో తరగతి ఇచ్చింది. అక్కడ ఉన్నది ఎనిమిది మంది.

మొదటి రోజు ఆవిడ ఆయనతో, "సగటు కంటే కాస్త పైకి చెప్పండి మాస్టారూ, ఇక్కడ అడ్డమేం లేదు," అంది. ఈసారి ఆవిడ ముఖంలో వెటకారం స్పష్టంగానే కనిపించింది. ఆయనకు అది శాలువా కంటే వెచ్చగా అనిపించింది.

పేరు మాత్రం మండలమంతా పాకింది. లెక్కల పరాంకుశం అన్న పేరు పాకించడానికి ఆయనకు ఇరవై ఏళ్ళు పట్టింది. 'కూడిక రాని మాస్టారు' అన్న పేరు ఎవరి సాయమూ లేకుండా నాలుగు రోజుల్లో టిఫిన్ బండ్ల దాకా వెళ్ళింది. ఆయన ఇడ్లీ తింటుంటే బండివాడు చిల్లర రెండుసార్లు లెక్కపెట్టి చూపించి మరీ ఇస్తున్నాడు. మొదట్లో ఆయనకు అక్కడే నిలబడి పదిహేడో ఎక్కం అప్పజెప్పాలనిపించేది. ఏడూ ఎనిమిదీ పదిహేనని అరవాలనిపించేది. పళ్ళు బిగించి చిల్లర జేబులో వేసుకునేవాడు.

బట్టీ పనికి కొత్తగా దిగి, ఒకటో తరగతిలో పిల్లల్ని చేర్చడానికి వచ్చిన తల్లిదండ్రులు, కూడిక రాని మాస్టారు ఏ తరగతి చెబుతున్నాడని అడిగి, ఒకటో తరగతని తెలిసి, పిల్లకి ఒంట్లో బాలేదని చెప్పి వెనక్కి తీసుకుపోయేవారు. పది రోజులు అలాగే జరిగింది. ఎనిమిది మంది తొమ్మిది కాలేదు. ఆయన వరండాలో నిలబడి, వెనక్కి పోతున్న వాళ్ళ వీపులు చూస్తూ, ఇదొక్కటీ ఏ పట్టికలోనూ పెట్టకూడదని అనుకున్నాడు.

పదకొండో రోజున బట్టీల వైపు నుంచి ఒక ముసలావిడ మనవరాలి చెయ్యి పట్టుకుని నేరుగా ఆయన గదిలోకి వచ్చింది. పిల్ల ముక్కు కారుతోంది. ముసలావిడ ఆయన్ను పైనుంచి కిందిదాకా చూసింది.

"కూడికలు రాని మేస్టరు నువ్వేనా బాబూ?"

"నేనేనమ్మా," అన్నాడు పరాంకుశం.

"అమ్మయ్య," అని ముసలావిడ పిల్లను ముందుకు తోసింది. "మా గుంటకీ రావు. అన్నీ వొచ్చినోడి కాడ కూకోబెడితే కొట్టి సంపేస్తాడు. ఇద్దరూ కలిసి మెల్లగా నేర్సుకోండి."

పరాంకుశం రిజిస్టరు తెరిచి పిల్ల పేరు ఒక్కసారే రాశాడు. తరవాత బల్ల మీంచి దిగి, నేల మీద ఆ పిల్ల పక్కన చాప వేసుకుని కూర్చున్నాడు.